ఐదో నంబరు బాయి వాటా

రోజూ తొమ్మిదింటికి రాజేశం క్లబ్బు తలుపు తీసి, పియానో మీద పేరుకున్న బొగ్గు నుసి తుడుస్తాడు. ఎనభై ఎనిమిది మీటల్లో ఏడు మూగవి. బెల్లంపల్లిలో ఇరవై ఆరేళ్లుగా జాజ్ బ్యాండు నడుపుతూ ఆయన కట్టిన బాణీలు నలభై ఒకటి. ప్రతి బాణీలో అక్కడక్కడా తాళంలో ఒక దెబ్బ ఖాళీ ఉంటుంది. అది క్లబ్బు కిందుగా సాగే ఐదో నంబరు బొగ్గుబాయి వాటా. మూతపడ్డ ఆ బాయి ఆయన వాయించింది విని, ఒక దెబ్బ ఆలస్యంగా, లోగొంతుతో తిరిగి పలుకుతుంది. కాలనీ ఆడవాళ్లు ఆ లెక్కతోనే అన్నం వారుస్తారు.

మూడు నెలల కింద పక్షవాతం వచ్చి రాజేశం ఎడమ చెయ్యి పడిపోయింది. ఆదివారం హైదరాబాద్‌లో కచేరీ. అంత పెద్ద హాలుకు వీళ్లను పిలవడం ఇదే మొదటిసారి.

"అన్నా, రెండు చేతులు గావాలె," అన్నాడు శాక్సోఫోన్ పోశం, నేల చూస్తూ. "ఇయ్యాల పన్నెండు గంటల దాక చూస్తం. కాకుంటే మంచిర్యాల కీబోర్డాయన్ని తీస్కపోతం."

"ఎడమ చెయ్యి పని బాయి చేస్తలేదార?"

"మరి బాయిని హైదరాబాద్ బస్సు ఎక్కిస్తవా?"

డ్రమ్ముల వెనక నుంచి కూతురు నవనీత మెల్లగా అంది. "బాపూ, బాయిని గూడ ఇయ్యాల్నే పూడుస్తున్నరు. పొద్దటి సంది పంపు పెట్టి ఇసుక, నీళ్లు నింపుతున్నరు."

రాజేశం కుడి చేత్తో మొదలుపెట్టాడు. మొదటి ఖాళీలో బాయి తడిగా పలికింది. రెండో ఖాళీలో గుటక వేసినట్టు. మూడో ఖాళీ దగ్గర బయట ఎవరో "నిండింది, బంద్!" అని అరిచారు. పంపు ఆగింది. కింద ఏమీ లేదు.

పోశం మెడలోంచి శాక్సోఫోన్ తీసేశాడు. రాజేశం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆపితే ఇక ఎప్పటికీ ఆపినట్టేనని తెలిసి, వాయిస్తూనే ఉన్నాడు. నాలుగో ఖాళీ ఖాళీగానే పోయింది. ఐదోదీ అంతే.

ఆరో ఖాళీలో, ఒళ్లో మడతపెట్టిన తువ్వాలలా పడి ఉన్న ఎడమ చెయ్యి లేచింది. తడి ఇసుక వాసన కొట్టింది. వేళ్ల కొసలు నల్లగా ఉన్నాయి. కింది మీటల మీద వాలి, అదే లోగొంతుతో, బాయి పాటే వాయించింది.

"అన్నా... ఎడమ చెయ్యి జర లేటయితున్నది," అన్నాడు పోశం. అప్పటికే శాక్సోఫోన్ మళ్లీ మెడలో వేసుకున్నాడు.

"కానియ్," అంది నవనీత. "నేను ఆగుత."

పన్నెండు కొట్టింది. రాజేశం పియానో మూత వేసి, కిందికి చూస్తూ దండం పెట్టబోయాడు. కుడి అరచెయ్యి గుండె దగ్గర ఒంటరిగా ఎదురుచూసింది. ఒక దెబ్బ తర్వాత ఎడమది వచ్చి ఆనుకుంది.