ఐదు నిమిషాల నిశ్శబ్దం

పర్వతాలు అనే కాపరిది కేతేపల్లి మండలంలో వాగు ఒడ్డు ఊరు. వానలు మొదలయ్యాక వాగు నడుమ ఇసుక మేటల మీద పచ్చిక లేస్తుంది. పర్వతాలు తన నూట ఇరవై గొర్రెలను అక్కడే మేపుతాడు. భయమల్లా ఒక్కటే, ఎగువన ఎక్కడో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్లు వచ్చి పడతాయి.

ఆయన కూతురు సుస్మిత ఇంటి నుంచే ఒక కంపెనీకి ప్రోగ్రాములు రాస్తుంది. ఎగువన నాలుగు కిలోమీటర్ల దూరంలోని వంతెన కింద నీటిమట్టం కొలిచే పరికరం బిగించింది. అది పది సెకన్లకోసారి కొలత పంపుతుంది. మట్టం మారితే పద్నాలుగు మంది కాపరుల ఫోన్లకు మెసేజ్ పోతుంది.

మొదటి వారమే తంటా వచ్చింది. గాలికి అల లేచినా మెసేజే. ఒక పూటలో నలభై వచ్చేసరికి మేనమామ పరశురాములు విసుక్కుని బంద్ చెయ్యమన్నాడు. అప్పుడామె ఒక నిబంధన పెట్టింది: కొలత మారాక ఐదు నిమిషాలు నిలకడగా ఉంటేనే ఒక్క మెసేజ్ పోవాలి. ప్రోగ్రాములు రాసేవాళ్లు దాన్ని డీబౌన్స్ అంటారు. పరికరాన్ని బకెట్లో పెట్టి రెండు చెంబుల నీళ్లు పోసి పరీక్షించింది. సరిగ్గా ఐదు నిమిషాలకు మెసేజ్ వచ్చింది. కాపరులకు అది నచ్చింది, నమ్మకం కుదిరింది.

ఆగస్టులో ఒక గురువారం మధ్యాహ్నం ఆఫీసు పని మధ్యలో ఊరికే కంప్యూటర్లో వాగు కొలతల తెర తెరిచి చూసింది. కొలతలు ఒకదాని కింద ఒకటి వచ్చి పడుతున్నాయి. ప్రతి కొలతా ముందుదాని కన్నా ఎక్కువ. ఇరవై రెండు నిమిషాలుగా పెరుగుతూనే ఉన్నాయి. పంపిన మెసేజ్‌లు సున్నా.

ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది. వాగు పెరుగుతున్నంత సేపూ నిలకడ రాదు, నిలకడ రానంత సేపూ మెసేజ్ పోదు.

తండ్రి ఫోన్ ఎత్తలేదు. మామకు చేసింది. ఇద్దరూ మేట మీదే ఉన్నారట.

"మామా, మందను ఒడ్డుకు తోలుండ్రి. నీళ్లొస్తున్నయ్."

"మెసేజ్ రాలే గద బిడ్డా" అన్నాడతను తాపీగా. "ఎండ కొడ్తాంది." తర్వాత కొంచెం ఆగి, "జర ఉండు, ఏందో చప్పుడైతాంది" అన్నాడు. ఫోన్ తెగిపోయింది.

మళ్లీ చేస్తే మోగలేదు. స్కూటీ తీసింది. ఒడ్డు చేరేసరికి నీళ్లు మట్టి రంగులో ఉన్నాయి. మేటలో సగం లేదు. మిగిలిన సగం మీద గొర్రెలు ఒకదాన్నొకటి ఒత్తుకుని అరుస్తున్నాయి. మామ ఒడ్డు ఎక్కేశాడు. తండ్రి నడుము లోతులో నిలబడి పెద్ద పొట్టేలు కొమ్ములు పట్టి గుంజుతున్నాడు. అది కదలదు. కాళ్ల కింద ఇసుక జారి ఆయన తూలడం ఒడ్డు మీదికే కనిపిస్తున్నది.

మామ తాడు విసిరాడు. పర్వతాలు దాన్ని తనకు కట్టుకోలేదు, పొట్టేలు మెడకు కట్టాడు. మామా సుస్మితా ఒడ్డు నుంచి లాగితే అది నీళ్లలోకి దూకింది. మంద దాని వెంటే పడింది. ఆయన చివరి గొర్రె ఉన్ని పట్టుకుని ఒడ్డుకు చేరాడు. తొమ్మిది గొర్రెపిల్లలు కొట్టుకుపోయాయి.

వరద పెరగడం ఆగిన ఐదు నిమిషాలకు, నాలుగున్నరకు, అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి: వాగులో నీళ్లు వస్తున్నాయి, దిగకండి. ఎవరూ నవ్వలేదు.

మర్నాడు పొద్దున కాపరులందరినీ కూర్చోబెట్టి తప్పు తనదేనని చెప్పింది. మెసేజ్ ఎందుకు రాలేదో వివరించింది. ఇక మట్టం పెరిగిన మొదటి కొలతకే మెసేజ్ పోతుందని, ఆ తర్వాత ఎంత మారినా ఐదు నిమిషాలకు ఒకటే వస్తుందని చెప్పింది.

మేకలు కాసే బిక్షమ్మ అడిగింది: "మల్ల మెసేజ్ రాకపోతే ఏం సమజ్ గావాలె?"

"నీళ్లు లేవని కాదు అత్తా" అన్నది సుస్మిత. "నాకు తెల్వదని."

అయితే తెలిసినప్పుడు తెలుసని కూడా చెప్పమన్నది బిక్షమ్మ. అందుకే మట్టం మారకున్నా అరగంటకోసారి కొలత పోయే ఏర్పాటు చేసింది సుస్మిత. అది రాని పూట ఎవరూ వాగులో దిగరు.

ఆ వానాకాలమంతా ఆమె మధ్యాహ్నం అన్నం ఆ తెర ముందే తిన్నది. కొలత ఒక్క అంగుళం పెరిగినా చేతిలో ముద్ద ఆగిపోయేది.