ఐసు ఫ్యాక్టరీ జగన్నాధం దత్తత

హుద్‌హుద్ తుపాను వచ్చిన మరుసటేడు, ఐసు ఫ్యాక్టరీ జగన్నాధం అరుణశ్రీని చేసుకుంటానని కబురు పంపాడు. ఆయనకు నలభై ఆరు, ఆమెకు ఇరవై ఒకటి. రేవులో పడవలన్నిటికీ ఐసు ఇచ్చేది ఆయన ఒక్కడే. అందుకే, పడవల మీదే బతికే ఆమె తండ్రి దాలయ్య, తనకన్నా రెండేళ్ళే చిన్నవాడైన మనిషిని ఆ సాయంత్రం నుంచే అల్లుడుగారూ అని పిలవడం మొదలుపెట్టాడు.

ఆ వంశంలో డిగ్రీ పాసైన మొదటి మనిషి అరుణశ్రీ. శ్రీకాకుళంలో బీఈడీ సీటు వచ్చింది. నెలాఖరులోగా చేరకపోతే అది పోతుంది. ఇంట్లో ఏడ్చి లాభం లేక తిన్నగా ఫ్యాక్టరీకే వెళ్ళింది. మీమీద కోపం లేదు, నాకు చదువు కావాలి, పెళ్ళి వద్దని చెప్పింది. జగన్నాధం చేతిలోని ఐసుముక్క కరిగేదాకా విన్నాడు. తుపాను ముందురోజు సెల్‌ఫోనుకు వచ్చిన హెచ్చరికను ఒడ్డున నిలబడి ఆమె అందరికీ చదివి వినిపించిందట. ఆ గొంతు రోజూ ఇంట్లో వినబడితే చాలనుకునే కబురు పంపాడట.

"నీకు ఇష్టం లేకపోతే నానెందుకొస్తాను," అన్నాడు.

ఆ మాట నిలబెట్టుకోవడానికి, ఏదో వంక చెప్పి తప్పుకుందామని మరునాడే దాలయ్య ఇంటికి వచ్చాడు. తనకు షుగరుందని చెప్పాడు. అది ఉన్నోళ్ళకే వస్తాదని అరుణశ్రీ తల్లి లక్ష్మణమ్మ మురిసిపోయింది. మూడు పళ్ళు కట్టుడువన్నాడు. బంగారపువేమోనని దాలయ్య వంగి చూశాడు. చివరికి అసలు పెళ్ళే వద్దనేశాడు. దాలయ్య ఏమీ నొచ్చుకోలేదు.

"మీరు కాదంటే నరసన్నపేట రైసుమిల్లాయన ఉన్నాడు. ఆయనకి అరవయ్యే."

జగన్నాధం చెప్పులు వేసుకోవడం మరిచిపోయి వెళ్ళిపోయాడు.

నాలుగు రోజుల తర్వాత ఊరి పెద్దల ముందు ఆయన పెట్టిన అర్జీకి రేవంతా నోరు తెరిచింది. దాలయ్య పిన్నమ్మ, అంటే తండ్రి తమ్ముడి పెళ్ళాం, కూర్మమ్మకు డెబ్బై దాటాయి. పిల్లల్లేరు, మొగుణ్ణి సముద్రం తీసుకుపోయింది. ఆవిడకు తాను దత్తత వెళ్తానన్నాడు. వెళ్తే దాలయ్య ఇంటిపేరే ఆయన ఇంటిపేరు. దాలయ్యకు తమ్ముడు, అరుణశ్రీకి చిన్నాన్న. చిన్నాన్నకు పిల్లనిచ్చే కులం ఇంకా పుట్టలేదు.

ఊరిపెద్ద గంగులు చాలాసేపు తల గోక్కున్నాడు. దత్తుడికి ఇంతే వయసుండాలని మన తాతలెవరూ చెప్పలేదని తేల్చాడు. కూర్మమ్మ ఒక్కటే అడిగింది.

"నాను పోతే తలకొరివి పెడతావేట్రా?"

పెడతానన్నాడు.

దత్తుణ్ణి తల్లి ఒళ్ళో కూర్చోబెట్టాలి. జగన్నాధం ఎనభై అయిదు కిలోలు, కూర్మమ్మ ఎండుచేపలా ఉంటుంది. పెద్దలు అరగంట వాదించుకుని, తల ఒక్కటి ఒళ్ళో పెడితే చాలన్నారు. బిడ్డన్నాక ఉయ్యాల్లో వెయ్యాల్సిందేనని ఆడవాళ్ళు మాత్రం తగ్గలేదు. పాత వలను వెదురుకు కట్టి, అందులో ఆయన్ని పడుకోబెట్టి, నలుగురు మగవాళ్ళ చేత ఎత్తించారు. వల ఆగింది గాని వెదురు ఆగలేదు. ఇసుకలో పడ్డ కొడుకును చూసి కూర్మమ్మ నిజంగానే గుండెలు బాదుకుంది. మోసినవాళ్ళను పేరుపేరునా తిట్టి, కొడుకు బుగ్గన దిష్టి చుక్క పెట్టింది.

దాలయ్యకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అల్లుడు పోయాడు, ఫ్యాక్టరీ ఇంట్లోకొచ్చింది. అయినా ఆశ చావక మళ్ళీ రైసుమిల్లు మాట ఎత్తబోయాడు. జగన్నాధం వీపుకంటిన ఇసుక దులుపుకుంటూ అడ్డం పడ్డాడు.

"అన్నియ్యా, మన పడవలకి ఇక ఐసు కరువులేదు. పిల్ల సదువయ్యేదాకా సమ్మందాలు సూడొద్దు. సిన్నాన్నని సెప్తన్నాను."

పెద్దల ఎదుట తమ్ముడి మాట తీసెయ్యలేక దాలయ్య సరేనన్నాడు.

హాస్టలుకు వెళ్ళేరోజు అరుణశ్రీ పెట్టె బస్సెక్కించింది ఆయనే. ఆమె ఉండబట్టలేక అడిగింది.

"రెండేళ్ళు ఆగుతానని సెప్తే సరిపోయేది కదా. ఇంత సెయ్యాలా?"

"నాను ఆగినా మీ బాబు ఆగుతాడేటి? ఆగినా, ఆ రెండేళ్ళూ నువ్వు నా బాకీ ఉన్నట్టే సదువుతావు. ఇప్పుడైతే ఏ బాకీ లేదు," అన్నాడు.

బస్సు కదిలింది. ఆయన ఎండలో అలాగే నిలబడి ఉన్నాడు. అరుణశ్రీ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"సిన్నాన్నా, నీడలోకెళ్ళు."

ఎవర్ని పిలుస్తోందా అని ఆయన అటూ ఇటూ చూశాడు. తర్వాత చెయ్యెత్తి, మొదటిసారిగా, "అలాగేనమ్మా," అన్నాడు.