మేస్త్రి కట్టని మూల

ఉదయ్ భాస్కర్ దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. బిర్యానీ పార్సిల్ వస్తే ముందు ముక్కలు కెలికి చూసుకుంటాడు. లిఫ్టులో ఎవరైనా తనను చూసి నవ్వితే చొక్కా బొత్తాలు తడుముకుంటాడు. రాయదుర్గం మెట్రో దిగగానే కనిపించే అద్దాల బిల్డింగుల్లో ఒకదాంట్లో టెస్టింగ్ ఉద్యోగం అతనిది. పొద్దస్తమానం ఇతరుల తప్పులు వెతికి జీతం తీసుకునేవాడికి ఆ బుద్ధి ఆఫీసు గేటు దగ్గరే ఎలా ఆగుతుంది?

మణికొండలో ఫ్లాటు తీసుకుని సాయిచంద్‌తో కలిసి ఉంటున్నాడు. సాయిచంద్‌ది వికారాబాద్ వైపు. ఒకే ఆఫీసు, ఒకే టీము, వయసులో చిన్నవాడు కాబట్టి ‘అన్నా’ అంటాడు. ఉదయ్‌కి డెంగీ వచ్చినప్పుడు దవాఖానలో కుర్చీలో కూర్చుని నిద్రపోయింది అతనే. ఈ ఊళ్లో ఉదయ్‌కి నా అన్నవాడు ఎవరైనా ఉన్నాడంటే అది సాయిచంద్ ఒక్కడే.

ఉదయ్‌ది కాకినాడ. వాళ్ల నాన్న భీమేశ్వరరావు గారు పేటలో సగం ఇళ్లకు ప్లాను గీసిన మనిషి. అందుకే ఫ్లాటులో కూడా కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. బీరువా నైరుతిలో. హాల్లో ఈశాన్యం మూల ఖాళీగా, శుభ్రంగా. సాయిచంద్ బూట్లకు ఇంట్లో మిగిలిన చోటు అదొక్కటే. అయినా పాపం బయట మెట్ల మీద పెట్టుకుని, ఒక జత ఎవడో ఎత్తుకుపోయినా పల్లెత్తు మాట అనలేదు.

ఆ ఏడాది ఐటీ కంపెనీల మధ్య ‘ల్యాంప్ గార్డ్’ పోటీలు పెట్టారు. కంప్యూటర్ మీద జట్లుగా ఆడే తుపాకుల ఆట. కోట మధ్యలో ఒక దీపం వెలుగుతుంటుంది. శత్రువులు వచ్చి దాన్ని ఆర్పితే ఆట అయిపోయినట్టే. జట్టులో ఒక్కొక్కరిది ఒక్కో పని. సిపాయి ముందుండి కాలుస్తాడు, డాక్టరు పడిపోయినవాళ్లను లేపుతుంది, మేస్త్రి కోట చుట్టూ తుపాకీ బురుజులు కడతాడు. సాయిచంద్ సిపాయి, వాళ్ల టీములోనే పనిచేసే ప్రియదర్శిని డాక్టరు, మన ఉదయ్ భాస్కర్ మేస్త్రి, పైగా కెప్టెన్.

బురుజులు ఎక్కడున్నాయో అవతలి జట్టుకు దగ్గరికి వచ్చేదాకా కనబడదు. పైగా ప్రతి ఆటకూ కోట మారిపోతుంది. ఒకసారి కొండ, ఒకసారి రేవు, ఒకసారి ఎడారి. మారనిది ఓ మూలన, ఉత్తరం ఎప్పుడూ పైకే అని చూపించే చిన్న బాణం ఒక్కటే.

అందరినీ ఓడిస్తున్నారు గానీ ఎదురు బిల్డింగులోని నితీష్ జట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చిత్తయిపోతున్నారు. నితీష్ మనుషులు అటూ ఇటూ చూడరు, వెతకరు. బురుజు లేని మూల ఎక్కడుందో తెలిసినట్టే నేరుగా అక్కడి నుంచి దూరి, దీపం ఆర్పేసి పోతారు. లీగులో అదే జరిగింది, ప్రాక్టీసు ఆటలోనూ అదే.

“ఎవరో చెప్తున్నారు,” అన్నాడు ఉదయ్.

“ఎవరు చెప్తరు? ఉన్నది ముగ్గురం,” అంది ప్రియదర్శిని.

ఆ మాట అతని బుర్రలో బాగా నాటుకుపోయింది. ముగ్గురిలో తను కాదు. ప్రియదర్శినికి నితీష్ ఎవరో కూడా తెలియదు. ఇక మిగిలింది ఎవరు?

ఆ వారమే మెట్రో మెట్ల కింద టీ బండి దగ్గర సాయిచంద్, నితీష్ పక్కపక్కనే నిలబడి నవ్వుకుంటూ కనిపించారు. ఉదయ్‌ని చూడగానే నవ్వు ఆపేశారు. డబ్బులిచ్చింది సాయిచంద్. వాడికి వీడు టీ తాగించడమేమిటి?

అప్పటి నుంచి ఉదయ్‌కి సాయిచంద్ ఏం చేసినా అనుమానమే. ఫోను బోర్లా పెడితే అనుమానం, పెట్టకపోతే మరీ అనుమానం. పైగా సాయిచంద్ ఒకటే పాట పట్టుకున్నాడు.

“అన్నా, జర పైన కుడి మూల బంద్ చెయ్యరాదే. ప్రతిసారి గక్కడి నుంచే వస్తున్నరు.”

“ఆ మూల మీద నీకెందుకురా అంత పట్టుదల?”

“ఓడిపోతున్నం గదన్నా!”

ఆ మూల మూయించి ఇంకో పక్క తెరిపించే ఎత్తు కాదని ఏమిటి నమ్మకం? ఉదయ్ ఒక పరీక్ష పెట్టాడు. ఈసారి ఆ మూలలోనే పెద్ద ఫిరంగి పెడుతున్నానని సాయిచంద్ ఒక్కడితోనే రహస్యంగా చెప్పాడు. పెట్టలేదు. చెయ్యి రాలేదు, ఎందుకో అతనికే తెలియదు. నితీష్ జట్టు మళ్లీ ఆ మూల నుంచే వచ్చింది.

మామూలు మనిషైతే సాయిచంద్ ఏమీ చెప్పలేదని తేల్చుకుని ఆ రాత్రి హాయిగా పడుకునేవాడు. ఉదయ్ భాస్కర్ మాత్రం ‘పరీక్షని పసిగట్టేశాడు, ఘటికుడు’ అనుకున్నాడు.

ఫైనల్ శనివారం మధ్యాహ్నం, ఉదయ్ వాళ్ల ఆఫీసు క్యాంటీన్లోనే. బల్లలు జరిపి కంప్యూటర్లు పెట్టారు. సాయిచంద్ హెడ్‌ఫోన్స్ తగిలించుకుంటుంటే ఉదయ్ అందరి ముందూ అనేశాడు. “నువ్వు ఆడొద్దు. నీ బదులు మన టీములో మధుసూదన్ ఆడతాడు. మన ఆట సంగతులు నితీష్‌కి ఎవరు మోస్తున్నారో నాకు తెలుసు.”

ఉప్మా తింటున్నవాళ్లు స్పూన్లు ఆపారు. సాయిచంద్ మొహం ఎర్రబడింది.

“అడుగుతున్నవా అన్నా, చెప్తున్నవా?”

ఉదయ్ మధుసూదన్‌కి కుర్చీ జరిపాడు.

“అడిగితే జవాబు చెప్పేటోణ్ణి,” అని హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద మెల్లగా పెట్టి వెళ్లిపోయాడు.

“గిదేంది ఉదయ్? నీకు దిమాగ్ ఉందా?” అంది ప్రియదర్శిని. ఉదయ్ వినిపించుకోలేదు. మోసగాడు పోయాడు కాబట్టి ఇక గెలుపు తనదే అనుకుని, ఎప్పటిలాగే తీరిగ్గా బురుజులు కట్టుకున్నాడు. ఆట మొదలైన కాసేపటికే నితీష్ జట్టు పైన కుడి మూల నుంచి దూరింది. దీపం ఆరిపోయింది.

ఈసారి చెప్పడానికి సాయిచంద్ లేడు కదా.

నితీష్ చెయ్యి కలపడానికి వచ్చి నవ్వాడు. “మేస్త్రి మీరేనాండి? మీది గోదావరి జిల్లాలేనా?”

“కాకినాడ. ఎలా తెలుసు?”

“మీ పాత ఆటల రికార్డింగులు చూశామండి. పెద్ద ఫిరంగి ఎప్పుడూ నైరుతిలో. నిప్పులు కక్కే బురుజు ఆగ్నేయంలో, వంటిల్లు పెట్టినట్టు. ఈశాన్యం మాత్రం కడిగి ముగ్గు పెట్టినంత ఖాళీ! అచ్చం మా మావయ్య కట్టించిన ఇల్లేనండి. మ్యాప్ మారితే ఏం, దిక్కులు మారవు కదా.”

ప్రియదర్శిని నెత్తి కొట్టుకుంది.

“మీ సాయిచంద్ ఏడండి?” నితీష్ అటూ ఇటూ చూశాడు. “మా గుట్టు లాగుదామని టీల మీద టీలు తాగించాడు. ఫైనల్ అయ్యాక చెప్తానన్నాను.”

ఉదయ్ బయటికి పరిగెత్తాడు. సాయిచంద్ ఫోను ఎత్తలేదు. మణికొండ వెళ్లేదాకా ఆటోలో కూర్చుని తనను తాను తిట్టుకుంటూనే ఉన్నాడు.

ఫ్లాటు తలుపు తీసే ఉంది. సాయిచంద్ ఆఖరి సంచి జిప్పు వేస్తున్నాడు. కొత్తగూడలో చిన్నమ్మ కొడుకు దగ్గరికి వెళ్తున్నాడట.

“ఒరేయ్ సాయీ, ఆ మూల... తప్పంతా నాదేరా. మా నాన్న ప్లాన్లు చూసీ చూసీ చేతికి అదే అలవాటైపోయింది. నాకే తెలియలేదు.”

“ఎరుకే అన్నా. గిప్పుడే నితీష్ ఫోన్ జేసి చెప్పిండు.”

“మరింకెందుకురా పోవడం?”

సాయిచంద్ సంచి భుజానికి వేసుకున్నాడు. గొంతులో కోపం లేదు. అదే ఉదయ్‌ని ఎక్కువ భయపెట్టింది.

“ఆట గురించి కాదన్నా. నీ మాట మీద ఇన్నేండ్లు బూట్లు బయట పెట్టుకున్న. ఎందుకని ఒక్కనాడన్న అడిగిన్నా? నువ్వన్నవు, నేను నమ్మిన. అంతే. నన్ను నమ్మనీకి నీకు చాతగాలే.”

జేబులోంచి ఇంటి తాళంచెవి తీశాడు. టీపాయ్ మీద పెట్టబోయి ఆగాడు. హాలు దాటి వెళ్లి ఈశాన్యం మూలన నేల మీద పెట్టాడు. మెట్ల మీద ఉన్న బూట్లు తొడుక్కుని దిగిపోయాడు.

ఆ ఇంట్లో ఆ మూలన పెట్టిన మొదటి వస్తువు అదే. ఉదయ్ భాస్కర్ దాన్ని అక్కడి నుంచి తియ్యలేదు.