లిఫ్టులో మేక

అయినా ఆ మేక నల్లదా తెల్లదా, గడియ పెట్టి బాత్రూమ్ తలుపుకు వీపు ఆనించి నిలబడ్డ ఆమెకు ముందుగా వచ్చిన ఆలోచన అదే, ఇన్నేళ్లుగా చెవిన పడుతున్న కథలో మేక రంగు తనకు తెలియదేమిటి, తెలియకపోతే కొంపేమైనా మునిగిందా, బయట అన్నయ్య వాళ్ల భోజనాల బల్ల దగ్గర ఆయన అప్పుడే గొంతు పెంచేశాడు, అసలు ఆ లిఫ్టులోకి మేక ఎలా వచ్చిందంటే బావగారూ అంటున్నాడు, అన్నయ్య నవ్వడానికి సిద్ధమై ఉంటాడు, వదిన చెంచా ఆపి ఉంటుంది, మరి తనిక్కడ ఏం చేస్తోంది, కడుపులో తిప్పడం లేదు, ఛాతీ మీద రాయి పెట్టినట్టు ఆ బరువూ లేదు, బరువు తగ్గడానికి కడుపుకు వేయించుకున్న బ్యాండు తీసేసి నెలలు గడిచాయి, రెండో ఆపరేషన్ అయ్యాక ఒక్కసారి కూడా ఇలా పరుగెత్తాల్సిన పని పడలేదు, మరెందుకు లేచొచ్చింది, చెప్పాల్సింది చెప్పడానికే కదా నోరు తెరిచింది, రేపు ల్యాబ్ యజమానికి మాటివ్వాలి, వేరే ఊళ్లో కొత్త ల్యాబ్, అక్కడ కట్టుడు పళ్ల పనంతా తన చేతికింద, తను వెళ్తోంది, ఒక్కతే వెళ్తోంది, ఈ మాట అన్నయ్య ముందు అనేస్తే పెద్ద గొడవ కాదని పొద్దుటి నుంచీ మనసులో వల్లె వేసుకుని, చెంచా కింద పెట్టి, గొంతు సవరించుకుందామని ఛాతీ మీద చెయ్యి వేసుకుందో లేదో, ఆయన మేకను లిఫ్టు ఎక్కించేశాడు, ఆ మొదటి మాట వినగానే కాళ్లు వాటంతటవే లేచి, బడి గంట విన్న పిల్లల్లా, తనను ఇక్కడికి తీసుకొచ్చి నిలబెట్టాయి.

ఒళ్లు మండిపోతుంది ఆ కథ వింటే, అసలు విన్నదెప్పుడు కనక, తల తెలుసు తోక తెలుసు, అసలు ఆ లిఫ్టులోకి మేక ఎలా వచ్చిందంటే అన్నది తల, తను మొహం కడుక్కుని తిరిగొచ్చేసరికి అదండీ సంగతి అని ఆయన ముగించడం, అందరూ కళ్లు తుడుచుకుంటూ నవ్వడం తోక, ఆ మధ్యంతా తను ఎవరింట్లోనో ఇలాంటి గదిలో కమోడ్ మీదికి వంగి, గోడ పట్టుకుని, నమిలీ నమలని ఒక్క చికెన్ ముక్కతో యుద్ధం చేస్తుంటే, బయట ఆయనగారి కచేరీ, పెళ్లాం లోపల చస్తుంటే నవ్వులు పంచే మగవాడు ఎక్కడైనా ఉంటాడా, పోనీ ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు ఆ గొంతు లేస్తుందా అంటే లేవదు, లిఫ్టులు బాగుచేసే మనిషి, పొద్దంతా చీకటి గోతుల్లో తల వంచి మోటార్ల చప్పుడు వింటూ గడుపుతాడు, ఇంటికొచ్చాకా అదే వరస, అడిగితే ఊఁ, అడక్కపోతే అదీ లేదు, రెండో ఆపరేషన్ రోజున మీ ఆయన నోట్లోంచి ఒక్క మాట ఊడిపడితే ఒట్టు అని వదినే చెప్పింది, ఊరందరికీ మేక, తనకు మాత్రం మౌనం, పైగా విందుకెళ్లి వచ్చాక వంటింట్లో నిలబడి రొట్టె ముక్కలు కుక్కుకోవడం, బయట తిన్నది చాల్లేదా అని ఎన్నిసార్లు దెప్పిపొడిచిందో, ఆయన ఊఁ అనేవాడు, నములుతూనే.

బెల్టు లాంటిదేనమ్మా అన్నాడు మొదటి డాక్టరు, కడుపు పైభాగానికి ఒక మెత్తటి పట్టీ, కొయ్యడం లేదు కుట్టడం లేదు, వద్దనుకున్న రోజున తీసేయొచ్చు, చర్మం కింద బొత్తాం లాంటిది ఒకటి, అందులోకి సూదితో నీళ్లెక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది, చెప్పినప్పుడు ఎంత తేలికగా ఉందో, బాగా నమలండి అన్నది ఒక్కటే షరతు, నమలడం గురించి తనకా చెప్పేది, పొద్దస్తమానం చేసే పని అదే కదా, మైనంలో పళ్లు పేర్చి, పై దవడా కింది దవడా చిన్న ఇనప చట్రంలో బిగించి టకటకలాడించి చూస్తుంది, ఊళ్లో ఎంతమంది ముసలివాళ్లు తను చేసిన పళ్లతో హాయిగా కొరుక్కు తింటున్నారో, తను మాత్రం ముద్దను పిండి చేసి మింగినా గొంతులో వెలక్కాయే, ఒక్కోరోజు దిగేది, ఒక్కోరోజు మంచినీళ్లు కూడా దిగేవి కావు, గట్టిదేదీ పోదు, కరిగిన ఐస్‌క్రీం మాత్రం అడ్డూ ఆపూ లేకుండా జారిపోయేది, అది కనిపెట్టిన రోజున దొంగకు తాళం చెవి దొరికినట్టయింది, ల్యాబ్‌లో ప్లాస్టర్ గట్టిపడేదాకా ఆగాల్సిన ఆ కాస్త సేపట్లో, వెనకవైపు మెట్ల మీద కూర్చుని డబ్బా డబ్బా తాగేసేది, తాగేదీ ఏడ్చేదీ, తగ్గిన బరువంతా పిలవకుండానే తిరిగొచ్చింది, వస్తూ వస్తూ ఇంకాస్త వెంటబెట్టుకొచ్చింది, చివరికి పట్టీ కూడా జారిపోయి పక్కకు తిరిగి కూర్చుంది.

రెండో డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది, ముందు పట్టీ తీసేస్తాం, పుండు మానేదాకా ఆగుదాం, తర్వాత కడుపును చిన్న సంచీ అంత చేసి పేగును దానికి కలుపుతాం, ఈసారి వెనక్కి తీసుకోవడం కుదరదు, బాగా ఆలోచించుకోండి అంది, ఆలోచించడానికి ఏం మిగిలింది గనక, సరే అనేసింది, అయింది, ఇప్పుడు నాలుగు చెంచాలకే నిండిపోతుంది, తినేటప్పుడు నీళ్లు తాగకూడదు, తియ్యటిది కాస్త ఎక్కువైతే చెమటలు పట్టి గుండె దడదడలాడి మంచమెక్కాల్సిందే, బతికున్నన్నాళ్లూ మాత్రలు, దువ్వెనకు జుట్టు చుట్టలు చుట్టలుగా వచ్చింది, చేతుల కింద చర్మం ఖాళీ సంచుల్లా వేలాడుతోంది, అయినా సినిమా హాల్లో కుర్చీ పట్టింది, చెప్పుల పట్టీ తనే వంగి పెట్టుకుంది, ఆ రోజు చెప్పుల వంక చూస్తూ ఎంతసేపు కూర్చుండిపోయిందో, కొత్త మనిషివైపోయావు అన్నారు అందరూ, అదిగో అక్కడ పట్టుకుంది ఈ పురుగు, కొత్త మనిషికి పాత ఇల్లెందుకు, పాత కుర్చీ ఎందుకు, పాత మేక ఎందుకు, తనను ఆ లావులో, ఆ వాంతుల్లో చూసిన కళ్ల ముందే రోజూ తిరగడమెందుకు, కాలు ఒకచోట నిలవడం లేదు, అలమరాలు సర్దుతుంది, సర్దినవి మళ్లీ సర్దుతుంది, బస్సు దిగి ఇంటికి రాకుండా వీధుల వెంట తిరుగుతుంది, తిండి ఖాళీ చేసిన చోట ఏదో ఒకటి నింపాలి కదా, ఏది నింపాలో తెలియక ఊరు మారితే సరిపోతుందనుకుంది, అనుకుంటే తప్పేమిటి.

ఏమిటీ, ఇంకా అవలేదా, మేక ఇంకా లిఫ్టులోనే ఉందా, ఆమె తలుపుకు చెవి ఆనించింది, లోపల తన చప్పుడు లేదు కాబట్టి బయటి మాట ప్రతి ఒక్కటీ వినిపిస్తోంది, ఇద్దరు లాయర్లట, ఒక మేకట, మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య ఆగిపోయిందట, ఆయన లిఫ్టు నెత్తిన టార్చి పట్టుకుని ఉన్నాడట, మేక ఒక లాయరు కోటు నమలడం మొదలుపెట్టిందట, ఇంతవరకు బాగానే ఉంది, నవ్వు కూడా వచ్చింది ఆమెకు, తర్వాతే కథ దారి తప్పింది, కింద వాచ్‌మన్ వచ్చాడట, ఆ వాచ్‌మన్‌కో మేనమామ ఉన్నాడట, మేనమామకో సైకిలు, ఆ సైకిలుకు గంట లేదట, గంట ఎందుకు లేదంటే, ఇదేం కథ, ఇందులో నవ్వడానికేముంది, ఉత్త గొంతే కదా, గోడలదిరేలా, ఊపిరి తిప్పుకోకుండా, మధ్యలో ఒక్క క్షణం ఆగాడు, ఆ ఆగడం ఆమెకు తెలుసు, ఫ్రిజ్ చప్పుడు తేడాగా ఉంటే చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని తల ఓ పక్కకు వంచి వింటాడు చూడు, అదే ఆగడం, మళ్లీ అందుకున్నాడు, ఆ గంట ఎవరు ఎత్తుకెళ్లారంటే, ఇంతకీ మేక దిగిందా లేదా బావా అన్నాడు అన్నయ్య, అక్కడికే వస్తున్నా, వస్తున్నా అన్నాడు ఆయన, రావడం లేదు. ఆమె ఏదో తోచి కుళాయి తిప్పింది, నీళ్ల చప్పుడు వినగానే ఆ గొంతు గబగబా వాచ్‌మన్‌ను వదిలి, మేనమామను వదిలి, చివరికేమైందంటే అంటూ పరుగందుకుంది, ఆమె కుళాయి కట్టేసింది, గొంతు తడబడింది, ఆగింది, మళ్లీ మేనమామ దగ్గరికి వెళ్లిపోయింది, సైకిలు రంగేమిటో చెప్పడం మొదలుపెట్టింది.

ఆమె చెయ్యి కుళాయి మీదే ఉండిపోయింది, మొదటిసారి ఇలా లేచి పరుగెత్తింది ఎవరింట్లో, ఆయనతో పనిచేసే అతనింట్లో, బ్యాండు వేయించుకున్న కొత్తలో భోజనానికి పిలిచారు, పల్చటి గోడ, గోడకు ఇవతల తను, అవతల బల్ల, తన పేగులు నోట్లోంచి వస్తున్న ఆ చప్పుడంతా వాళ్ల కంచాల్లో పడుతోందని తనకు తెలుసు, తిరిగొచ్చి కూర్చుంటే ఒక్కరూ తలెత్తలేదు, ఆ ఇంటావిడ తన కంచం వంక చూసి చప్పున కళ్లు తిప్పుకుంది, ఇంటికొస్తూ దారంతా ఏడ్చింది, వాళ్లందరూ విన్నారు, ఇంకోసారి ఎవరైనా వింటే నేను బతకనండీ అంది, ఆయన ఊఁ అన్నాడు, అంతే, ఊఁ, రాయికి చెప్పుకున్నట్టు ఉంది అప్పుడు, ఆ తర్వాత వెళ్లిన భోజనంలోనే కదా మేక మొదలైంది, ముద్ద అడ్డుపడి ఛాతీ మీద తన చెయ్యి పడిన మరుక్షణం, నలుగురిలో నోరు విప్పడమంటే చెమటలు పట్టే మనిషి, లేచి నిలబడినంత పని చేసి, అరిచినట్టు, అసలు ఆ లిఫ్టులోకి మేక ఎలా వచ్చిందంటే అని, దేవుడా, ఆ ఊఁ అన్నది మాటిచ్చినట్టా, ఇన్నేళ్లూ ప్రతి బల్ల దగ్గరా తన ఫ్లష్ చప్పుడు వినబడేదాకా ఆ మేకను దించలేదా ఈ మనిషి, ఫ్లష్ నొక్కితే ఇప్పుడు కూడా ముగిస్తాడు, అదండీ సంగతి అంటాడు, ఆమె నొక్కలేదు, గడియ తీసింది.

బల్ల దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది, ఆయన నోరు సగంలో ఆగిపోయింది, ఆమె మొహం వంకా బాత్రూమ్ వంకా మార్చి మార్చి చూశాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయేమే అంది వదిన, ఆమె చూస్తున్నది మాత్రం ఆయన కంచాన్ని, కలిపిన ముద్ద కలిపినట్టే ఎండిపోయి ఉంది, అంచున వేసిన కూర మీద తెట్టు కట్టింది, వేళ్లు ఆరిపోయాయి, కథ చెప్పేవాడు తినలేడని ఇన్నేళ్లలో తనకు ఒక్కసారీ తట్టలేదేం, ఆ రొట్టె ముక్కలు, ఆ వంటింట్లో నిలబడటం, బయట తిన్నది చాల్లేదా అన్న తన నోటికి బుద్ధి లేకపోయింది, తర్వాతేమైంది అని అడిగింది, ఆయన కంచంలోకి చూస్తూ, ఏమో, ఇంతదాకా ఎప్పుడూ రాలేదు అన్నాడు, అన్నయ్య ఘొల్లున నవ్వాడు, అదీ కథలో భాగమే అనుకున్నాడు పాపం, కొత్త ల్యాబ్ మాట నాలుక చివరే ఉంది, చెప్పాలి, చెబుతుంది, రేపు యజమానికి మాటిచ్చే ముందు ఈయనకే చెబుతుంది, ఒక్కతే అన్న ముక్క తీసేసి అడుగుతుంది, లిఫ్టులు లేని ఊరెక్కడుంది, వాంతి గదిలో తను ఒంటరిదాన్ననుకోవడమే ఇంతకాలం చేసిన పొరపాటు, తలుపుకు అవతల ఇంకొకరు ఆకలితో కాపలా కాశారు, ఆలోచన అక్కడికి వచ్చి కుదురుగా కూర్చుంది, పొద్దుటి నుంచీ మొదటిసారి, ఆమె వేడి కూర ఆయన కంచంలో వడ్డించింది, మీరు తినండి, మిగతాది నేను చెప్తాను అని, అన్నయ్య వైపు తిరిగి, గట్టిగానే, ఆ మేక నల్లదిరా అన్నయ్యా అని మొదలుపెట్టింది.