పిడుగు చెప్పిన క్రాపు

వీధిలో అందరూ ఆమెను కత్తెరక్క అనేవారు. ఆమె సెలూన్ చిన్నదే. రెండు కుర్చీలు, తల కడిగే తొట్టి, గుమ్మం పక్కన కూతురి చక్రాల కుర్చీకి కాస్త చోటు. కూతురికి ఆరేళ్లు. పుట్టినప్పుడు మెదడుకు ప్రాణవాయువు అందక కాళ్లు బిగుసుకుపోయాయి. మాట నిదానంగా, ముద్దముద్దగా వస్తుంది. అయినా నోటికి తాళం లేదు. వచ్చేపోయేవాళ్లలో ఒక్కరిని కూడా పలకరించకుండా వదలదు. నాయనమ్మ దానికి పిడుగు అని పేరు పెట్టింది ఊరికే కాదు.

ఒకరోజు ఫిజియోథెరపిస్టు పిల్ల తుంటి కీళ్లు చూసి, రోజూ కాసేపు నిలబెట్టకపోతే అవి పక్కకు జరిగిపోతాయని చెప్పింది. నడుమునూ మోకాళ్లనూ పట్టీలతో బిగించి నిలబెట్టే స్టాండు ఉంటుందట. దాని ధర విన్నాక, పార్శిల్ వ్యాను నడిపే తండ్రి అది ఎన్ని నెలల జీతమో ఇంటిదాకా వేళ్ల మీద లెక్కపెట్టాడు. కత్తెరక్క మాత్రం దారి పొడుగునా ఏదో ఆలోచిస్తూనే ఉంది.

మందుల షాపాయన తన కౌంటరు మీద చందాల డబ్బా పెడతానన్నాడు. దాని మీద పిల్ల ఏడుస్తున్న ఫొటో అతికిస్తే డబ్బులు రాలతాయనీ, నవ్వే ఫొటో అయితే ఎవరూ అటు చూడరనీ కూడా చెప్పాడు.

"అన్నా, మీరు మా మంచికే చెప్తున్నారు," అంది కత్తెరక్క. "కానీ అది రేపు ఈ వీధిలోంచే బడికి పోవాలి. దాన్ని చూస్తే అందరికీ ఆ ఏడుపే గుర్తొస్తుంది. నా చేతిలో పనుంది. పని చేసే తెచ్చుకుంటా."

వచ్చే ఆదివారం వీధి చివరి హాల్లో రోజంతా ఎవరొచ్చినా జుట్టు కత్తిరిస్తానని, ఎంతిస్తే అంత పుచ్చుకుంటానని అందరికీ చెప్పింది. ఎవరూ రాకపోతే ఏంటని మొగుడు గొణిగితే, అప్పుడు నీ జుట్టే నాలుగుసార్లు కత్తిరిస్తానంది.

ఆదివారం జనం వచ్చారు గానీ, పలచగా వచ్చారు. ఎప్పుడూ చేయించుకునే క్రాపే చేయించుకుని, తోచినంత బల్ల మీది డబ్బాలో వేసి వెళ్లిపోయారు. మధ్యాహ్నానికి హాలు బోసిపోయింది. పిడుగుకు విసుగు పుట్టింది.

"అందరికీ... ఒకటే క్రాపు," అంది. "నేను... చెప్తా."

కత్తెరక్క నవ్వబోయి ఆగింది. ఆ మాటలో పస ఉందని తట్టింది. ఇకనుంచి పిడుగు చెప్పిన క్రాపు కావాలంటే ఇవ్వాలనుకున్నదానికి రెట్టింపు ఇవ్వాలని అక్కడికక్కడే ప్రకటించింది. ఉన్న నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అప్పుడే లోపలికి వస్తూ ఆ మాట విన్న లెక్కల మాస్టారు వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. గుబురు మీసాల మనిషి. ఆయన మీసం మీద చెయ్యేస్తే చాలు, క్లాసు క్లాసంతా నోరు మూసుకునేది.

పిడుగు ఆయన్ని తేరిపార చూసింది. మాట పెదాల దాకా రావడానికి సమయం పట్టింది. హాలంతా ఎదురు చూసింది.

"మీసం... తీసెయ్."

"కొంచెం తగ్గిస్తే సరిపోదా తల్లీ?"

"మొత్తం."

కత్తెరక్కే వెనకాడింది. చిన్నపిల్ల మాట, వద్దంటే ఎవరూ ఏమీ అనుకోరని మెల్లగా చెప్పింది.

"ఒప్పుకునే కదమ్మా కూర్చున్నా," అన్నాడు మాస్టారు. "కానివ్వు."

కాసేపటికి ఆయన భార్య వెతుక్కుంటూ వచ్చింది. నేరుగా ఆయన ముందుకే వెళ్లి, మా మాస్టారు ఇటొచ్చారాండీ అని అడిగింది. హాలంతా గొల్లున నవ్వింది.

ఆ సంగతి వీధి దాటడానికి ఎంతోసేపు పట్టలేదు. సాయంత్రానికి వరస బయటిదాకా పెరిగింది. బట్టతల మీదికి అడ్డంగా దువ్వుకునే నాలుగు వెంట్రుకలూ మందుల షాపాయన వదులుకున్నాడు. తండ్రి తలలో పచ్చరంగు చార పడింది. నాయనమ్మకు నుదుటి మీద పడేలా జుట్టు కత్తిరించమని పిడుగు ఆజ్ఞాపించింది. ఇంటికి రా, నీ పని చెప్తానని నాయనమ్మ బెదిరించిందే గానీ, అద్దం మాత్రం చేతిలోంచి దించలేదు. కత్తెరక్క వేళ్లు బొబ్బలెక్కాయి. స్టాండు ధరకు తగ్గిన కాస్తా, ఆ రోజు రాలేకపోయినవాళ్లు తర్వాత సెలూన్‌కు వచ్చి పూడ్చారు.

స్టాండు వచ్చింది. మొదటిసారి పట్టీలు బిగించగానే పిడుగు గుక్కపట్టి ఏడ్చింది. బిగుసుకున్న కండరాలు సాగాలంటే నొప్పి తప్పదు. కత్తెరక్క దాన్ని ఒళ్లోకి తీసుకుని, రేపు ఇంకొంచెంసేపు నిలబడదామంది. మర్నాడు స్టాండును సెలూన్‌లో కుర్చీల మధ్య పెట్టింది. వచ్చినవాళ్లకు సలహాలు చెప్పే ధ్యాసలో పడి పిడుగు ఏడవడం తగ్గించింది.

కొన్ని వారాల తర్వాత ఫిజియోథెరపిస్టు వచ్చి మోకాళ్ల పట్టీలు పూర్తిగా బిగించింది. పిల్ల నిటారుగా నిలబడింది. తల తల్లి గుండెల దాకా వచ్చింది. కత్తెరక్క చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్లూ కూర్చునో పడుకునో చూడటమే గానీ, పిడుగు ఇంత పొడుగని ఇంట్లో ఎవరికీ తెలియదు.

అది తమ వైపు పొడుగని నాయనమ్మ తేల్చేసింది. మా నాన్నను మీరు చూడలేదా అత్తయ్యా అని కత్తెరక్క అడ్డుపడింది. కుర్చీలో సగం క్రాపుతో ఉన్నాయన ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

పిడుగు తల వంచి తన మోకాళ్లు చూసుకుంది.

"అమ్మా... గౌను పొట్టి," అంది. "కొత్తది... కొను."