కొసరు లేని దుంపలు

కొచబాంబాలో జ్ఞానబిడ్డలు, అంటే వేడుకలో తల్లిగానో తండ్రిగానో నిలబడి వరస కలుపుకున్న పిల్లలు, లేని మనిషి కనిపించడం కష్టం. బాప్తిస్మానికి ఒక జ్ఞానతల్లి, పుట్టువెంట్రుకలకు ఇంకో జ్ఞానతల్లి, పెళ్లి కేకుకు ఒకరు, చదువు పూర్తయినందుకు ఒకరు. ఆఖరికి ఎవరైనా కొత్త లారీ కొన్నా దానికీ ఒక జ్ఞానతండ్రి ఉండాల్సిందే. అలాంటి ఊళ్లో యాభై దాటిన నెలిదా సురీతాకు ఒక్క జ్ఞానబిడ్డ కూడా లేదు. పిల్లలంటే ఇష్టం లేక కాదు. ఆమె ఉద్యోగం అలాంటిది.

ఆమె లాయరు. విశ్వవిద్యాలయంలో విద్యార్థుల క్రమశిక్షణ సంఘానికి అధ్యక్షురాలు. కాపీ కొట్టినవాళ్లూ, ఒకరి పరీక్ష ఇంకొకరు రాసినవాళ్లూ, ఎవరిదో వ్యాసం తమదని చెప్పుకున్నవాళ్లూ ఆమె బల్ల ముందుకు రాక తప్పదు. ఇన్నేళ్లలో "మా బిడ్డకు జ్ఞానతల్లిగా ఉండండమ్మా" అని ఎవరడిగినా, వాళ్ల వెనక ఒక కేసు ఉండేది. అడిగిన ప్రతిసారీ వద్దనేది. ఆ పూట మాత్రం సూపు గొంతు దిగేది కాదు.

ఆ ఏడాది ఆమె ముందుకు యోసెలిన్ కేసు వచ్చింది. సంతలో బంగాళదుంపలమ్మే, అందరూ గౌరవంగా దోన్యా అని పిలిచే సతుర్నీనా కూతురు ఆ పిల్ల. సంతలో చిన్న వ్యాపారుల బతుకుల మీద సర్వే చేసి, అందరినీ స్వయంగా అడిగానని సంతకం పెట్టి ఇచ్చింది. జవాబులన్నీ ఒకే గొంతుతో మాట్లాడుతున్నాయని పాఠం చెప్పే మాస్టారికి అనుమానం వచ్చింది. సంఘంలో ఇంకో సభ్యుడు, ఇంజనీరు ఒసినాగా, వాటిని తిరగేసి మరగేసి చూశాడు గానీ ఏమీ పట్టుకోలేకపోయాడు. నెలిదా తేదీ చూసి నవ్వేసింది.

"ఇంజనీరుగారూ, ఇది ఏ రోజో చూశారా? కార్నివాల్ ముందు గురువారం. కొమాద్రెల పండగ."

"అయితే?"

"మీరు మగవాళ్లు, మీకేం తెలుస్తుంది. ఆ రోజు సంతలో ఏ ఆడమనిషి కొట్టు తీస్తుంది? అందరూ వదినల్ని వెంటేసుకుని చిచా కల్లు తాగి చిందులేస్తుంటే ఈ పిల్ల ఎవర్ని అడిగింది?"

కొమాద్రె అంటే బిడ్డను కన్నతల్లికీ జ్ఞానతల్లికీ మధ్య కుదిరే వదినల వరస. ఆ వరస కలిసిన ఆడవాళ్లందరికీ ఆ గురువారం పెద్ద పండగ. చదవేస్తే ఉన్న మతి పోయిందన్నట్టు, సంతలో పుట్టి పెరిగిన పిల్ల ఆలోచించకుండా ఆ తేదీనే వేసేసింది.

లేని జవాబులు పుట్టిస్తే శిక్ష రెండు రకాలు. ఒక అర్ధసంవత్సరం బయట ఉంచడం, లేదా శాశ్వతంగా పంపెయ్యడం. ఒసినాగా రెండోదే అంటాడని నెలిదాకు తెలుసు. అధ్యక్షురాలి మాటకు బరువెక్కువ కాబట్టి, పిల్ల గట్టెక్కితే తన వల్లే గట్టెక్కాలి. నెలిదా మనసులో అప్పటికే మొదటి శిక్షకు ఒప్పుకుంది.

విచారణకు ముందు వారం దోన్యా సతుర్నీనా ఆఫీసుకు వచ్చింది. చేతిలో సంచి నిండా తెల్ల దుంపలు, పక్కన తనకు నలభై దాటాక పుట్టిన కొడుకు లింబెర్ట్. వాడికి ఇంకా పుట్టువెంట్రుకలు తియ్యలేదు. జుట్టు భుజాల మీద పడుతోంది.

"లాయరమ్మా, ఎన్నేళ్లనుంచో నా దగ్గరే దుంపలు కొంటున్నావు. పిల్లోడికి పుట్టువెంట్రుకలు తియ్యాలి. మొదటి కత్తెర నువ్వే వెయ్యాలి. కాదనకు."

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఫరవాలేదని ఆ తల్లి లెక్క. లోకమంతా చెల్లే లెక్కే, ఈ ఆఫీసులో తప్ప. వడ్డించేవాడు మనవాడని తేలితే ఇక్కడ గరిటె లాక్కుంటారు. నెలిదా సరేనన్న క్షణంలో ఇద్దరూ వదినలవుతారు. వదినల వరస కలిస్తే ఆమె విచారణ నుంచి లేచిపోవాలి. అప్పుడా కుర్చీలో కూర్చునేది ఒసినాగా. కూతుర్ని కాపాడుకుందామని ఈ తల్లి దాన్ని తీసుకెళ్లి ఆయన చేతిలో పెడుతోంది.

ఆ ముక్క చెబుదామంటే, 'నేను నీ కూతురి పక్షం' అని విచారణకు ముందే చెప్పినట్టవుతుంది. తరవాత రమ్మంటే బేరమాడినట్టవుతుంది. లింబెర్ట్ ఆమె బల్ల కిందికి దూరి బూటు తాళ్లు విప్పుతున్నాడు. వాణ్ని ఎత్తుకోవాలని ఆమె చేతులు లాగాయి. ఎత్తుకోలేదు.

"కుదరదు, దోన్యా సతుర్నీనా."

"కుదరదా?"

"కుదరదు. దుంపలు కూడా తీసుకెళ్లిపో."

పుట్టువెంట్రుకల పిలుపు కాదంటే ఆ ఊళ్లో మొహం మీద తలుపేసినట్టే. సతుర్నీనా సంచి భుజాన వేసుకుంది. "మావి మట్టి చేతులు కదమ్మా, నీ పక్కన నిలబడితే మాసిపోతావు," అనేసి పిల్లాణ్ని లాక్కుని వెళ్లిపోయింది.

విచారణ రోజు యోసెలిన్ దాచుకోలేదు.

"ఆ రోజు అమ్మ పండక్కి పోయింది. నేను కొట్టు దగ్గర తమ్ముణ్ని చూసుకుంటున్నాను. చుట్టుపక్కల అన్నీ మూసేశారు. వాళ్లంతా నన్ను చిన్నప్పట్నుంచి ఎత్తుకున్నవాళ్లే మేడమ్. ఏం చెప్తారో నాకు తెలుసనిపించింది. రాసేశాను."

"మీ అమ్మ జవాబు కూడా నువ్వే రాశావా?" అంది నెలిదా.

పిల్ల తలొంచుకుంది. "రాశాను."

"తెలిసిందే రాసుకునేటట్టయితే ఇక అడగడమెందుకమ్మా?"

ఒసినాగా గొంతు సవరించుకుని, ఇలాంటివాళ్లు రేపు వంతెనలు కూడా కట్టకుండానే కట్టామంటారన్నాడు. నెలిదా ఆయన్ని పూర్తిగా మాట్లాడనిచ్చి, తన మాట చెప్పింది. అర్ధసంవత్సరం చదువు బంద్. ఆ సర్వే మళ్లీ మొదటి నుంచి, ఒక్కొక్కరి ముందూ కూర్చుని చెయ్యాలి. ఒసినాగా గొణుగుతూనే సంతకం పెట్టాడు.

తరవాత శనివారం నెలిదా దుంపలకు వెళ్లింది. పోకుండా ఉంటే ఇంకా చిన్నతనం. సతుర్నీనా తల ఎత్తలేదు, మాట కలపలేదు. తూకం సరిగ్గా తూచి సంచిలో పోసింది. కొసరు వెయ్యలేదు. ఆ సంతలో కొసరు లేకుండా వెనక్కి రావడమంటే ఏమిటో పసిపిల్లలకు కూడా తెలుసు. ఇన్నేళ్లుగా అడక్కుండానే నాలుగు దుంపలు ఎక్కువ పడేవి. నెలిదాకు కోపం రాలేదు. కళ్లు చెమర్చాయి, అంతే. ఆ తరవాత కూడా వెళ్లినప్పుడల్లా అదే తంతు. చలికాలం వచ్చాక లింబెర్ట్ చెవుల దాకా ఉన్ని టోపీ పెట్టుకుని బస్తాల మధ్య ఆడుకుంటున్నాడు. భుజాల మీద జుట్టు కనిపించలేదు. ఎవరో అదృష్టవంతురాలు కత్తెర వేసేసి ఉంటుందని అనుకుంది. అనుకుని నిజంగానే అసూయపడింది.

అర్ధసంవత్సరం గడిచింది. యోసెలిన్ కొత్త సర్వే ఇచ్చింది, మాస్టారు ఒప్పుకున్నాడు, ఆ పిల్ల మళ్లీ తరగతికి వచ్చింది. ఆ మర్నాడు పొద్దున్నే నెలిదా ఆఫీసు తలుపు దగ్గర సతుర్నీనా నిలబడి ఉంది. నలగని పావడా, తలమీద పండగ టోపీ, చంకలో లింబెర్ట్. వెనకాల యోసెలిన్ పళ్లెం పట్టుకుని ఉంది. పళ్లెంలో రిబ్బను కట్టిన కత్తెర.

"నిన్నటితో అయిపోయింది కదా," అంది సతుర్నీనా. "ఇప్పుడు నీకేం అడ్డం లేదుగా?"

నెలిదా తలుపు పూర్తిగా తెరిచి పట్టుకుంది.

"ఆ ఇంజనీరుగారు చెప్పాడులే. విచారణ మర్నాడే దుంపలకొచ్చి, నా గోడు విని, 'ఓసి పిచ్చిదానా, ఆమె ఊఁ అనుంటే నీ కూతురు నా చేతిలో పడేది, నేను ఇంటికి పంపేసేవాణ్ని' అన్నాడు. శిక్ష తీరేదాకా చుట్టరికం కూడదన్నాడు. అందుకే పలకరించలేదు."

"మరి కొసరు?"

"కొసరేస్తే లంచమంటారేమోనని భయపడ్డా. నాలుగు దుంపల కోసం నీ ఉద్యోగం పోతే?"

నెలిదా కుర్చీలో కూలబడి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

"ఇంకోటి," అంది సతుర్నీనా, గొంతు తగ్గించి. "ఆ కాగితాల్లో ఒక ప్రశ్న ఉందట, వీలైతే ఈ పని మానేస్తారా అని. ఇది నా బదులు మానేస్తానని రాసిందట. నేనెందుకు మానతాను? మా అమ్మ కూర్చున్న చోటది. ఈసారి నా ముందు పీట వేసుకుని కూర్చుని అడిగింది. కన్న ఇన్నేళ్లకి, నీకేం కావాలని నన్ను అడిగింది. నువ్వు అడగమంటేనే కదా."

వెనకాల యోసెలిన్ పళ్లెం వంక చూస్తోంది.

సతుర్నీనా లింబెర్ట్ టోపీ లాగేసింది. లోపల చుట్టలు చుట్టి దాచిన జుట్టు జలజలా జారి వీపు మీద పడింది. ఎవరి కత్తెరా తగల్లేదు. దాన్ని చిన్న చిన్న పాయలుగా అల్లి, పాయకో రంగు రిబ్బను కట్టి ఉంది.

"టోపీ తీస్తే చాలు, సంతలో అందరూ వీణ్ని ఆడపిల్లంటున్నారు," అంది. "త్వరగా కానియ్యి."

నెలిదా పిల్లాణ్ని ఒళ్లోకి తీసుకుంది. వాడు అలవాటున్నవాడిలా ఆమె బూటు తాళ్ల కోసం వంగాడు. ఆమె వాణ్ని నిటారుగా కూర్చోబెట్టింది. నుదుటి దగ్గరి పాయ పట్టుకుని కత్తెర వేసి, పళ్లెంలో పెట్టింది.

సతుర్నీనా ఆమెను గట్టిగా వాటేసుకుంది.

"వదినా," అంది, "శనివారం వచ్చేటప్పుడు పెద్ద సంచి తెచ్చుకో."