కిటికీ కుర్చీ

ఆ యూనివర్సిటీ మీటింగు గదికి ఒకటే కిటికీ. కిటికీ దగ్గర ఒక కుర్చీ. మిగతా కుర్చీలన్నీ పెద్ద బల్ల చుట్టూ, బల్లకేసి చూస్తుంటాయి. ఇదొక్కటే బల్లకి వీపు పెట్టి, అలిగిన కొత్తల్లుడిలా బయటికి చూస్తూ ఉంటుంది.

దానికో కథ ఉంది. ఎప్పుడో పైనుంచి ఒక రూలొచ్చింది. కమిటీలో ఉన్నవాళ్ళ సొంత మనుషుల పని చర్చకొస్తే, ఆ మనిషి లేచి బయటికెళ్ళాలి, మిగతావాళ్ళు తేల్చాలి. మంచి రూలే. మొదటిసారి లేవాల్సి వచ్చినాయన బాగా పెద్దాయన. ఆ రోజు కుండపోత వాన. వరండా అంతా జల్లు. "పాపం తడుస్తారు, ఆ కిటికీ దగ్గర అటు తిరిగి కూర్చోనీండి, మన ముఖాలు కనబడవుగా" అన్నారెవరో. సరే అన్నారు అందరూ. వాన ఆ సాయంత్రానికే పోయింది. కుర్చీ పోలేదు.

పైగా అది కిర్రుమంటుంది. ఆ గదిలో కుర్చీలన్నీ డీన్ గారి బామ్మర్ది చేయించి ఇచ్చినవి. ఆ బేరం తేలిన రోజు డీన్ గారు కూడా కిటికీ దగ్గరే, బుద్ధిగా అటు తిరిగి కూర్చున్నారు. ఇక ఆ కొత్త కుర్చీలు వచ్చాక మరీ సులువైపోయింది. కూర్చున్న మనిషి ముందుకు వంగితే ఒక కిర్రు. వెనక్కి వాలితే రెండు. ఒకటంటే అవును, రెండంటే వద్దు. ఇదెవరూ ఎవరికీ చెప్పలేదు. అందరికీ తెలుసు. బల్ల దగ్గరున్నవాళ్ళు కాగితాలు తిరగేస్తున్నట్టు నటిస్తూ చెవులు మాత్రం కిటికీ దగ్గర పెట్టేవాళ్ళు.

ఆ కమిటీలో నలుగురు. డీన్ గారు పెద్ద. లెక్కల సార్ ఒకరు, లైబ్రరీ మేడమ్ ఒకరు. నాలుగో మనిషి మట్టి మేడమ్. ఆవిడ మట్టిని పరీక్ష చేసే ల్యాబుకి పెద్ద. ఎంత కడుక్కున్నా గోళ్ళ సందుల్లో మట్టి పోదు. పిల్లలు ఆ పేరు పెట్టారు, ఆవిడ కాదనలేదు. ఆవిడ కూడా కొన్నేళ్ళుగా అందరి వీపులూ చూసి చెయ్యెత్తుతూనే ఉంది. తన వీపు వంతు వచ్చేదాకా అదంత కష్టంగా అనిపించలేదు.

వచ్చింది. కొత్త ల్యాబుకి బల్లలు కావాలన్నారు. ఇద్దరు వడ్రంగులు ముందుకొచ్చారు. ఒకాయన గుబురు మీసాలాయన. రెండో ఆయన మట్టి మేడమ్ సొంత అన్న.

మీటింగు ముందురోజు సాయంత్రం ఆవిడ అన్న పనిచోటికి వెళ్ళింది. గుమ్మంలోనే చెక్కపొట్టు వాసన. ఇద్దరు పనివాళ్ళ చిత్రికలు గోడకి వేలాడుతున్నాయి. పని తగ్గిపోయి వాళ్ళని ఇంటికి పంపించేశాడు. అన్న ఒక్కడే చిత్రికతో ఒక బల్ల కాలు నునుపు చేస్తున్నాడు. ఆ పక్కనే రేపు కమిటీకి చూపించాల్సిన మచ్చు బల్ల, తళతళమంటూ. దాన్ని వదిన గుడ్డతో తుడుస్తోంది.

"వచ్చావా తల్లీ! రా రా. ఇవాళ నీ పేరు చెప్పుకునే పొయ్యి వెలిగించా."

"వదినా, ఒక మాట చెప్పి పోదామని వచ్చా. రేపు మీ బల్ల సంగతి వచ్చినప్పుడు నేను ఆ గదిలో ఉండను."

చిత్రిక ఆగింది. "ఉండక?" అన్నాడు అన్న.

"బయటుంటా."

"బయటెందుకే చిన్నీ? మీకేదో కిటికీ కుర్చీ ఉందటగా. టీ కొట్టువాడికి కూడా తెలుసు దాని సంగతి. అందులో కూర్చో. ఒక్కసారి వంగు. నడుమేం విరిగిపోదులే."

"నేను వంగను అన్నయ్యా."

"ఏం? నా బల్ల మీద నమ్మకం లేదా?"

"నీ బల్ల మీద ఉంది. నా వీపు మీదే లేదు."

వదిన తుడిచే గుడ్డ విసిరికొట్టింది. "అబ్బో! విన్నారా మీ చెల్లెలి మాటలు? ఈయన బడి మానేసి, చెక్కపొట్టు మింగి నిన్ను చదివించాడు. ఆ చదువు చివరికి మాకు అడ్డం పడ్డానికి పనికొచ్చిందన్నమాట."

"అడ్డం పడటం లేదు వదినా. అడ్డం తొలగుతున్నా."

"ఆ ముచ్చట్లు మీ క్లాసు పిల్లలకి చెప్పుకో. మాకు కావలసింది ఆ ఇద్దరూ మళ్ళీ పనిలోకి రావడం."

మట్టి మేడమ్‌ గోడకున్న చిత్రికల్ని చూసింది. వాటిని పట్టిన మనుషులు తనకి తెలుసు. వాళ్ళలో ఒకాయన తన పెళ్ళికి పీటలు చేశాడు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

అన్న తల ఎత్తకుండా అన్నాడు, "చూడు చిన్నీ. రేపు నువ్వు ఆ తలుపు దాటి బయటికి వచ్చావంటే, ఈ గడప దాటి లోపలికి రాకు."

ఆవిడ పీట వాల్చుకుంది. "అన్నం తినేసి వెళ్తా. రేపటి సంగతి రేపు" అంది.

అన్నం పెట్టారు.

తెల్లారింది. మీటింగు గది బయట వరండాలో రెండు బల్లలు పక్కపక్కన పెట్టారు. మెట్ల మీదుగా పైదాకా మోసుకొచ్చారు పాపం. మీసాలాయన నమస్కారం పెట్టాడు. అన్న తన బల్ల మీద చెయ్యి వేసి, చెల్లెలు వస్తుంటే గోడకేసి చూశాడు.

లోపల అందరూ కూర్చున్నారు. డీన్ గారు ముఖం నిండా నవ్వు పులుముకుని, జేబురుమాలు తీసి, కిటికీ కుర్చీని ఆయనే స్వయంగా తుడిచారు.

"మొదటి అంశం బల్లలండీ. మట్టి మేడమ్ గారి అన్నగారు ఉన్నారు అందులో. దయచేయండమ్మా."

ఆవిడ లేచింది. "నేను బయటికి వెళ్తున్నా సార్."

"బయటికెందుకండీ, ఎండ! ఇక్కడే అటు తిరిగి కూర్చోండి. మనకో పద్ధతి ఉందిగా."

"ఆ పద్ధతి వానకి పుట్టింది సార్. ఇవాళ వాన లేదు."

లెక్కల సార్ సర్దబోయాడు. "కళ్ళు అటు తిప్పితే చాలు కదా మేడమ్."

"చెవులు కూడా అటు తిప్పగలిగితే కూర్చుంటానండీ."

లైబ్రరీ మేడమ్ కిసుక్కున నవ్వి, వెంటనే చెయ్యి అడ్డం పెట్టుకుంది. డీన్ గారి నవ్వు సగంలో ఆగింది. ఆయన లేచి వచ్చి, గొంతు తగ్గించి అన్నారు, "అమ్మా, పెద్దవాణ్ణి చెప్తున్నా వినండి. రెండో అంశం ల్యాబు మెషీన్లది. అందులో మా అల్లుడి కంపెనీ ఉంది. ఇప్పుడు మీరు కూర్చుంటారు, తర్వాత నేను కూర్చుంటా. ఒకరికొకరం. మీ ల్యాబుకి ఆ పక్క గది కావాలని తిరుగుతున్నారుగా? అదీ చూద్దాం."

ఆవిడ గొంతు తగ్గించలేదు. పెంచింది.

"లెక్కల సార్, మీకు వినబడి ఉండదు. డీన్ గారి అల్లుడి సంగతి వచ్చినప్పుడు ఆయన కూర్చుంటారట. అందుకని ఇప్పుడు నన్ను కూర్చోమంటున్నారు. కూర్చుంటే పక్క గది కూడా ఇప్పిస్తారట. వినబడిందా ఇప్పుడు?"

డీన్ గారు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు. ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి, కుర్చీని రెండు చేతులతో ఎత్తింది.

"అది ఎక్కడికండీ!"

"కూర్చోమన్నారుగా సార్. కూర్చుంటా. బయట."

తలుపు తనే మూసింది.

వరండాలో కుర్చీ వేసుకుని, తలుపుకి వీపు పెట్టి కూర్చుంది. అన్న చూశాడు. చూడకూడదనుకుని కూడా చూశాడు.

"తోసేశారా?"

"నేనే వచ్చా."

అన్న మళ్ళీ గోడకేసి తిరిగాడు. మీసాలాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, తన మీసం తను సవరించుకున్నాడు.

లోపల్నించి చప్పుడు లేదు. ఎలా ఉంటుంది? వాళ్ళకి బల్లని చూసి తేల్చడం అలవాటు తప్పిపోయింది. వీపుని చూసి తేల్చడమే తెలుసు. కాసేపటికి తలుపు కొంచెం తెరుచుకుంది. లైబ్రరీ మేడమ్ సీసా పట్టుకుని వచ్చింది. నీళ్ళ కుళాయి అటుంటే ఆవిడ ఇటొచ్చింది. మట్టి మేడమ్ చుట్టూ నెమ్మదిగా ఒక ప్రదక్షిణ చేసినంత పని చేసింది.

"ఏం కావాలమ్మా?"

"ఏం లేదండీ..." నీళ్ళు నమిలి, చివరికి నిజం చెప్పేసింది. "మీరు ఎలా కూర్చున్నారో చూసి రమ్మన్నారు."

"నిటారుగా కూర్చున్నానని చెప్పు. చూడాల్సింది నన్ను కాదు. బల్లలు ఇక్కడున్నాయి. మీ అందరికీ చేతులున్నాయి."

ఆ మాట లోపలికి వెళ్ళింది. ఇక గత్యంతరం లేక ముగ్గురూ బయటికొచ్చారు. మట్టి మేడమ్ లేచి, వరండా చివర మెట్ల దగ్గరికి వెళ్ళిపోయింది. వెనక సొరుగులు లాగుతున్న చప్పుడు. ఎవరో ఎక్కి కూర్చున్న చప్పుడు. ఎవరో వేలి కణుపుతో ఠకఠకా కొట్టిన చప్పుడు. ఏ బల్లదో తెలియదు. తిరిగి చూడాలని మెడ నరాలు లాగుతున్నాయి. మెట్ల కమ్మీని గట్టిగా పట్టుకుంది. అన్న గొంతు వినబడింది, "చూడండి బాబూ, అతుకు ఎక్కడుందో కనబడితే నా పేరు మార్చుకుంటా" అంటూ. చిన్నప్పుడు తన పలక చట్రానికి అతుకు వేసినప్పుడు కూడా ఇదే మాట అన్నాడు. అయినా తిరగలేదు.

ముగ్గురూ లోపలికి వెళ్ళారు. మళ్ళీ వచ్చారు. లెక్కల సార్ చెప్పాడు, బల్లలు రెండూ బాగున్నాయి, కానీ మీసాలాయన బల్లకి చేతులు కడిగే తొట్టి అమర్చడానికి చోటుంది, రెండో దానికి లేదు, కాబట్టి మీసాలాయనకే అని.

అన్న ముఖం మాడిపోయింది. తొట్టి సంగతి దాచిందేం కాదు. ఆఫీసులో ఎవర్నడిగినా చెప్పేవాళ్ళు. మీసాలాయన అడిగాడు. అన్న అడగలేదు. చెల్లెలుందిగా అని ఎవర్నీ అడగలేదు. చెల్లెలేమో కమిటీలో ఉన్నదాన్ని కదా అని నోరు విప్పలేదు.

అన్న దగ్గరికొచ్చాడు. "తొట్టి సంగతి నీకు తెలుసా?"

"తెలుసు."

"నిన్న అన్నం తింటూ కూడా చెప్పలేదు."

"చెప్పలేదు. ఈ మీసాలాయన మనింట్లో అన్నం తినలేదుగా అన్నయ్యా. ఆయనకి చెప్పని మాట నీకెలా చెప్తా?"

అన్న పోయి తన బల్ల మీదే కూలబడ్డాడు. ఆవిడకి పక్కన కూర్చోవాలనిపించింది. కానీ లోపల రెండో అంశం ఉంది.

కుర్చీని అక్కడే, అన్న పక్కనే వదిలి, లోపలికి వెళ్ళి తన చోట కూర్చుంది. డీన్ గారు మెషీన్ల కాగితం తీసి, ఏమీ జరగనట్టే కిటికీ దగ్గరికి నడిచారు. అక్కడ కుర్చీ లేదు. నేల మీద నాలుగు కాళ్ళ మచ్చలే ఉన్నాయి.

"కుర్చీ బయట వేశాను సార్. దయచేయండి."

"నేను డీన్ని!"

"అందుకే గాలి తగిలే చోట వేశానండీ."

"పక్క గది సంగతి ఇక మర్చిపోండి!"

"మర్చిపోయాను సార్."

ఆయన లెక్కల సార్ కేసి చూశారు. లెక్కల సార్ కాగితంలో తల దూర్చి, "రూలైతే ఉందండీ మరి..." అని గొణిగాడు. లైబ్రరీ మేడమ్ లేచి వెళ్ళి తలుపు బార్లా తెరిచి పట్టుకుంది. నవ్వలేదు ఈసారి. డీన్ గారు పళ్ళు నూరుకుంటూ బయటికి నడిచారు. తలుపు మూసుకుంది.

వాళ్ళు మొదలుపెట్టారో లేదో, బయట కిర్రుమంది. లెక్కల సార్ చెయ్యి దానంతట అదే పైకి లేచింది. మట్టి మేడమ్ చూసింది. ఆయన ఆ చేత్తో చెవి గోక్కున్నాడు.

మళ్ళీ కిర్రు. ఆ వెంటనే వరండా దద్దరిల్లేలా అన్న గొంతు, "ఎవడండీ బాబూ ఈ కుర్చీ చేసింది? పీకల దాకా తాగి చేశాడా?" డీన్ గారు ఏం చెప్పుకున్నారో వినబడలేదు. అన్న నవ్వు మాత్రం వినబడింది. పని తగ్గిన తర్వాత ఆ నవ్వు ఆవిడ వినలేదు.

అల్లుడి మెషీన్ల బొమ్మలు కాగితం మీద రంగురంగులుగా ఉన్నాయి. మెషీను మాత్రం ఎవరూ చూడలేదు. "బల్లలు మెట్లెక్కించి చూపించమన్నాం. మెషీను మాత్రం ఎందుకు చూపించకూడదు?" అంది లైబ్రరీ మేడమ్. నిజమే అన్నారు. తెచ్చి చూపిస్తే అప్పుడు చూద్దాం అని రాసి, లేచారు.

బయటికొచ్చేసరికి డీన్ గారు లేరు. కుర్చీ ఖాళీగా ఉంది. అన్న ఒక్కడే బల్లని మెట్లకేసి ఈడుస్తున్నాడు. ఆవిడ రెండో వైపు పట్టుకుంది.

"వదులు. నాకెవరి సాయం అక్కర్లేదు."

"వదలను."

"మీ వదిన నీ ముఖం చూడదు."

"నేను చూస్తాలే ఆవిడ ముఖం."

"గడప దాటొద్దన్నానా లేదా?"

"అన్నావు. బల్ల మోస్తూ వస్తే ఎలా ఆపుతావో చూస్తా. నడు."

అన్న నడవలేదు. చెల్లెలి చేతులకేసి, గోళ్ళ సందుల్లో మట్టికేసి చూశాడు. తర్వాత ఒక మెట్టు దిగాడు.

"కింద వైపు నేనున్నా. బరువంతా నా మీదికే వస్తుంది. నెమ్మదిగా దించు" అన్నాడు విసుగ్గా. "వచ్చే ఏడాది హాస్టలుకి మంచాలు అడుగుతారట. మీ ఆఫీసులో ఎవరిని అడగాలో, అదన్నా చెప్తావా?"

"అందరికీ చెప్పేదే కదా, చెప్తా. కింద నోటీసు బోర్డు పక్క గదిలో. మీసాలాయన నిన్ననే అడిగి పోయాడు."

"వాడి మీసం తగలెయ్య!" అన్నాడు అన్న. అని, ఇంకో మెట్టు దిగాడు.